కుర్చీ విరిగితే విరిగింది, ఒక్క మాట చెప్పొచ్చు కదా

మే నెలలో జరిగిందిది. అప్పట్నుంచి రాద్దామనుకుంటూనే ఆగుతున్నాను. చుట్టాల సంగతులు నలుగురిలో పెట్టకూడదని అమ్మ అంటుంది. పేర్లు రాయడం లేదు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్న ఆరున్నర. అమ్మ కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చి నాన్న పడక కుర్చీలో కూర్చోబోయింది. ఎప్పట్లాగే కుర్చీ కుడి చెయ్యి మీద బరువు ఆనించి వంగింది. అది ఊడి కింద పడింది. అమ్మకి 76 ఏళ్ళు. పక్కన కిటికీ ఊచ అందింది కాబట్టి తను పడలేదు. కాఫీ మాత్రం చీర మీదా కాలి మీదా ఒలికిపోయింది. పాదం బొబ్బలెక్కి నాలుగు రోజులు చెప్పు వేసుకోలేకపోయింది.

అమ్మని కూర్చోబెట్టి, బర్నాల్ రాసి, ఆ తర్వాత కుర్చీ దగ్గరికెళ్ళి చూశాను. అది అప్పుడు విరిగింది కాదు. ముందే విరిగితే, మళ్ళీ తెచ్చి గాడిలో నిలబెట్టారు. కదలకుండా సందులో కాగితం మడిచి కుక్కారు. పైన తువ్వాలు కప్పారు. ఆ కాగితం లాగి విప్పితే మా వైజాగ్ బీచ్ రోడ్డులోని సబ్‌మెరైన్ మ్యూజియం టికెట్లు. ముందు రోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చిన మా వాళ్ళవే. పెదనాన్నగారి అబ్బాయి, వదిన, ఇద్దరు పిల్లలు. అయిదు రోజులున్నారు. స్టేషన్లో నన్ను పట్టుకుని "ఎంత బాగా చూసుకున్నావమ్మా" అన్నారు.

ఆ టికెట్లు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను. పిల్లలు ఆడుకుంటారు, వస్తువులు విరుగుతాయి. దానికి నాకేం కోపం లేదు. కానీ ఎవరో ఒకరు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సందులోకి తోసి, కదులుతోందా లేదా అని చూసి, తువ్వాలు సర్ది లోపలికెళ్ళారు. రోజూ పొద్దున్నే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో అయిదు రోజులూ చూసినవాళ్ళే ఆ పని చేశారు. నాకు మింగుడుపడనిది అదీ.

ఆ కుర్చీ గురించి కొంచెం చెప్పాలి. నాన్న షిప్‌యార్డులో పనిచేసేవారు. 1986లో కంచరపాలెంలో ఒక వడ్రంగి చేత టేకుతో చేయించుకున్నారు. కాళ్ళు చాపుకోవడానికి చేతులు ముందుకి పొడుగ్గా వస్తాయి చూడండి, ఆ రకం. కూర్చునే చోట గళ్ళ కాన్వాసు గుడ్డ. ఏడాదికొకసారి కర్రలు లాగి ఆ గుడ్డ ఉతకడం నా పని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పెదవాల్తేరు ఇంట్లో సముద్రం వైపు కిటికీ తలుపులు రెండూ ఎగిరిపోయాయి. ఇంట్లో చీలమండ లోతు నీళ్ళు. నేనూ నాన్నా ఆ కుర్చీని ఎత్తి మంచం మీద పెట్టి, పైన టార్పాలిన్ కప్పి, ఆ పక్కనే నిలబడి తెల్లవార్లూ గడిపాం. టీవీ పోయింది, పరుపులు పోయాయి, కుర్చీ మాత్రం మిగిలింది. 2019లో నాన్న పోయారు. అప్పట్నుంచి అమ్మ పొద్దున్న కాఫీ అందులోనే తాగుతుంది. ఇదంతా చుట్టాలకి తెలియాలని నేననను. ఎవరింట్లో ఏ వస్తువు వెనక ఏముందో వచ్చినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలియదు కాబట్టే ఏ ఇంట్లో ఏది ముట్టుకున్నా జాగ్రత్తగా ముట్టుకోవాలంటాను.

మన ఇళ్ళలో ఇంకో చిక్కుంది. ఇంటివాళ్ళు నోరు తెరవరు. వచ్చినవాడు సోఫా మీద తడి తువ్వాలు ఆరేసినా "పర్వాలేదండీ" అంటారు. పిల్లాడు డైనింగ్ టేబుల్ ఎక్కి గెంతుతుంటే "చిన్నపిల్లాడు కదా" అని నవ్వుతారు. లోపల ప్రాణం విలవిల్లాడుతుంటుంది. ఒక్క మాటంటే "వాళ్ళింటికెళ్తే కుర్చీ ముట్టుకోనివ్వరు" అని పదేళ్ళు చెప్పుకుంటారని భయం. ఆ "పర్వాలేదు"ని నిజమనుకుని ఇంకో అడుగు ముందుకేసేవాళ్ళని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. మీరూ మీ ఇంట్లో వందసార్లు ఆ మాట అని ఉంటారు. ఎంత బాధతో అన్నారో గుర్తు తెచ్చుకోండి.

వైజాగ్‌లో ఉండేవాళ్ళకి ఈ బాధ మరీ ఎక్కువ. ఎండాకాలం వస్తే ఊళ్ళో ప్రతి ఇంటికీ చుట్టాలే. కైలాసగిరి, సింహాచలం, అరకు, అన్నిటికంటే ముందు బీచ్. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. వెళ్ళండి, మోకాళ్ళ దాకా తడవండి (అంతకు మించి దిగకండి, అక్కడి అలలు లాక్కుపోతాయి). కానీ ఇంటికి రాగానే ఆ తడి బట్టలతోనే సోఫాలో కూలబడతారు. అది మామూలు తడి కాదు, ఉప్పు తడి. ఉప్పు గాలిలోని చెమ్మని లాక్కుంటుంది. పైకి ఆరినట్టు కనిపించినా ఆ కుషను మళ్ళీ మళ్ళీ చెమ్మగిల్లుతూనే ఉంటుంది. అసలే ఇక్కడి ఉక్కకి రెక్సిన్ సోఫాలు నాలుగైదేళ్ళకే పొట్టు లేస్తాయి. ఇసుక సంగతి చెప్పక్కర్లేదు. కుట్ల సందుల్లోకి దిగితే నెలల తరబడి వస్తూనే ఉంటుంది. చెక్క మీద పడ్డ ఇసుకని చేత్తో దులిపితే గరుకు కాగితంతో రుద్దినట్టే, పాలిష్ గీరుకుపోతుంది. మా గేటు పక్కనే కుళాయి ఉంది, దాని కింద చిన్న గట్టు కూడా ఉంది. నాన్న కట్టించారు. వెనకటికి ఎవరింటికెళ్ళినా కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చేవారు కదా. కుళాయి ఇప్పటికీ ఉంది. కడుక్కునేవాళ్ళే తక్కువయ్యారు.

సముద్రపు గాలి గురించి లోపలి ఊళ్ళవాళ్ళకి తెలియని సంగతి ఇంకొకటుంది. ఇక్కడ ఇనప మేకులూ స్క్రూలూ తొందరగా తుప్పు పడతాయి. కుర్చీ పైకి గుండ్రాయిలా కనిపిస్తుంది, లోపల స్క్రూ పొడి పొడి అయిపోయి ఉంటుంది. వెనక రెండు కాళ్ళ మీద వాలి ఊగినా, మనిషి కూర్చుని ఉండగానే కుర్చీని బరబరా ఈడ్చినా జాయింట్లు వదులైపోతాయి. నాన్న కుర్చీకి జరిగిందీ అదే. తర్వాత వచ్చిన వడ్రంగి చూపించాడు. హుద్‌హుద్ తర్వాత బిగించిన ఇనప స్క్రూ సగానికి తిని ఉంది. ఆ పొడుగు చెయ్యి చివర పిల్లాడెక్కి గెంతితే బరువంతా ఆ ఒక్క స్క్రూ మీదే పడింది.

పాలిష్ గురించి కూడా చెప్పనివ్వండి, నాకిష్టమైన విషయం. మా షోకేసులో ఏటికొప్పాక బొమ్మలున్నాయి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రని తిప్పుతూ రంగు లక్కని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. నిలబడి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత టేకు సామానుకి చేయించే పాలిష్‌లోనూ ఉండేది ఆ లక్కే, స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూత మీద పూత వేస్తారు. రాపిడి వేడికే కరిగే వస్తువు మీద పొగలు కక్కే స్టీలు గ్లాసు నేరుగా పెడితే ఏమవుతుంది? తెల్లటి వలయం పడుతుంది. స్పిరిట్‌లో కరిగే దాని మీద శానిటైజర్ కారితే ఏమవుతుంది? 2021లో మా టీపాయ్ మీద ఒకరు మూత సరిగ్గా పెట్టని సీసా వదిలేసి వెళ్ళారు. పాలిష్ కరిగి, కింద ఉన్న పేపరు అతుక్కుపోయింది. ఆ రోజు అక్షరాలు తిరగబడి ఇంకా దాని మీద ఉన్నాయి. గ్లాసు పెట్టేముందు కింద ఓ పుస్తకమో, ప్లేటో, మడిచిన పేపరో వేస్తే పోయేదానికి ఎంత నష్టం!

ఇదే టీపాయ్ మీద మా మేనత్త కూడా ఒక మచ్చ చేసింది. పలాస నుంచి వచ్చింది, జీడిపప్పు సంచీ పట్టుకుని. మోకాళ్ళ నొప్పులు. వేడి పాల గ్లాసు పెట్టేసి, తీశాక చూసుకుంది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే అంత నొప్పితోనూ మెట్లు దిగి వచ్చి, "అమ్మడూ, బల్ల మీద మచ్చ పడిందే, నేనే చేశాను, రా చూడు" అంది. పదేసార్లు నొచ్చుకోలేదు, డబ్బులిస్తానని నన్ను ఇబ్బంది పెట్టలేదు. "దీన్ని పోగొట్టాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది. మచ్చ తెల్లగా ఉంటే తడి పాలిష్ లోపలే ఆగినట్టు, నల్లబడితే చెక్క దాకా దిగినట్టు. అది తెల్లదే. దళసరి నూలు గుడ్డ నాలుగు మడతలేసి, ఇస్త్రీ పెట్టె బాగా తక్కువ వేడిలో పెట్టి పైపైన ఆనించి తీస్తూ ఇద్దరం కూర్చున్నాం. చాలావరకు పోయింది. మిగిలిన కాస్త జాడ ఇప్పటికీ ఉంది. దాన్ని చూస్తే నాకు అత్త గుర్తొస్తుంది, పక్కనున్న పేపరు అక్షరాలు చూస్తే మాత్రం మనసు చిరాకు పడుతుంది. రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయి, జానెడు దూరంలో.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తలకి నూనె రాసుకుని సోఫాకి తల ఆనించేటప్పుడు కింద తువ్వాలు వేసుకోండి. టీపాయ్ కాళ్ళు పెట్టుకునేది కాదు. పడగ్గదిలో మంచం మీద కూర్చోవాలంటే వాళ్ళు కూర్చోమన్నాక కూర్చోండి. బీరువా, అలమరా తలుపులు మీ చేత్తో తెరవకండి, దువ్వెన కావాలంటే అడగండి. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి ఫ్యాన్ అందుకోకండి, అది మీ నడుం కోసం కూడా చెబుతున్నా. ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ కూర్చునే చోటు ఒకటుంటుంది, వాళ్ళు గదిలోకి రాగానే లేచి ఇవ్వండి. అడిగి లేపడం వాళ్ళకి చిన్నతనంగా ఉంటుంది.

ఇంటివాళ్ళ బాధ్యత లేదని కాదు. ఊగుతున్న కుర్చీని చుట్టానికి వేసి, అది విరిగితే మొహం మాడ్చుకోవడం అన్యాయం. బరువైన మనిషి వస్తే, అందరి ముందూ "ఇందులో వద్దు, ఆగదు" అని అరిచేవాళ్ళని చూశాను. ఆ మనిషి మొహం చూడలేకపోయాను. గట్టి కుర్చీ ముందే లాగి "ఇలా రండి, ఇక్కడ గాలి బాగా వస్తుంది" అంటే సరిపోయేది. ఏడాదంతా సోఫాకి ప్లాస్టిక్ కవర్ తియ్యనివాళ్ళ పద్ధతీ నాకు నచ్చదు, చెమటకి అతుక్కుపోయి కూర్చోవాలి. వస్తువులు వాడుకోవడానికే. మా ఇంటికి ఎవరొచ్చినా నాన్న కుర్చీలో కూర్చోమనే అంటాను, నాన్న కూడా అలాగే అనేవారు.

ఆ కుర్చీ బాగు చేయించాను. ఈసారి ఇత్తడి స్క్రూలు వేయించాను, తుప్పు పట్టవని. 1,800 రూపాయలైంది. డబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మ అయితే విరిగిన సంగతే ఎత్తొద్దంది. "వచ్చినవాళ్ళ దగ్గర వస్తువు గురించి మాట్లాడకూడదమ్మా" అంది. మూడు నెలలు ఆ మాటే విన్నాను. ఫోన్ వచ్చినప్పుడల్లా ముక్తసరిగా మాట్లాడి పెట్టేశాను. ఆ టికెట్లు మాత్రం పారేయలేక డ్రాయర్‌లో పెట్టాను.

నిన్న రాత్రి వదిన ఫోన్ చేసింది. దసరా సెలవుల్లో మళ్ళీ వస్తామంది. రమ్మన్నాను, మనస్ఫూర్తిగానే. ఆ తర్వాత అడిగేశాను, "వదినా, నాన్న కుర్చీ చెయ్యి విరిగింది, మీకు తెలుసా?" అని. కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత, "చిన్నోడెక్కి గెంతాడమ్మా. మీ అన్నయ్య చెప్పేద్దామనే అన్నారు. అది మావయ్యగారి కుర్చీ అని నాకే నోరు రాలేదు" అంది. గొంతు పూడుకుపోయింది తనకి. నాకూ కోపం సగం దిగిపోయింది. ఇంకో నిమిషం ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

"చిన్నత్తయ్య అందులోనే కూర్చుంటారు కదా, ఆవిడకేం కాలేదు కదా?" అని అడిగింది.

కాలు కాలిన సంగతి అప్పుడు చెప్పాను.