గల్లాపెట్టె పిల్లకాయల చేతికి ఇవ్వండి సార్

మా నెల్లూరులో ఈ మధ్య ప్రైవేటు స్కూళ్లకి 'బిజినెస్ డే' పిచ్చి పట్టుకుంది. గేటు ముందు పెద్ద ఫ్లెక్సీ, దాని మీద కోట్లు, టైలు వేసుకున్న పిల్లకాయలు, కింద 'రేపటి సీఈఓలు' అని రాత. లోపలికెళ్లి చూస్తే వరసగా టేబుళ్లు, టేబుల్ మీద అమ్మ రాత్రంతా కూర్చుని చేసిన మైసూర్‌పాకు, టేబుల్ వెనకాల అదే అమ్మ, డబ్బుల డబ్బా ఆమె ఒళ్లో. కొనేదెవరయ్యా అంటే పక్క టేబుల్ అమ్మ! పిల్లోడు టై సర్దుకుంటూ ఫొటోలకి నవ్వుతుంటాడు. సాయంత్రానికి అందరికీ మెమెంటో, అందరికీ లాభమే. ఎందుకు రాదు లాభం, సరుకు ఖర్చు నాన్న జేబులోంచి పోయింది, లెక్కలోకే రాలేదు.

పిల్లలకి వ్యాపారం నేర్పొద్దని నేను అనడం లేదు, తప్పకుండా నేర్పాలి. నేర్పేటప్పుడు డబ్బు నిజమైనదై ఉండాలి, కొనేవాళ్లు బయటివాళ్లై ఉండాలి, నష్టం వస్తే ఆ నష్టం పిల్లలకే తగలాలి. ఈ మూడూ లేకపోతే అది యానివర్సరీ ఫంక్షన్‌కి ఇంకో పేరు, అంతే.

అమెరికాలో జూనియర్ అచీవ్‌మెంట్ అనే సంస్థ 1919 నుంచి ఈ పని చేస్తోంది. వాళ్ల కంపెనీ ప్రోగ్రాంలో హైస్కూలు పిల్లలు కొందరు కలిసి చిన్న కంపెనీ పెడతారు, తమలోంచే ప్రెసిడెంటుని ఎన్నుకుంటారు, తెలిసినవాళ్లకి షేర్లు అమ్మి పెట్టుబడి తెచ్చుకుంటారు, ఏదో ఒక వస్తువు తయారుచేసి అమ్ముతారు. ఆఖర్న కంపెనీ మూసేసి, లెక్క తేల్చి, ఏదన్నా మిగిలితే షేర్లు కొన్నవాళ్లకి పంచుతారు. నాకు నచ్చింది ఆ ఆఖరి పనే. ఒకరి డబ్బు తీసుకున్నాక వాళ్ల ముందు కూర్చుని లెక్క చెప్పాలి చూడండి, ఏ మోటివేషన్ స్పీకరూ నేర్పలేడు దాన్ని.

అంత దూరం దేనికి, 2021లో ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకి బిజినెస్ బ్లాస్టర్స్ అని పెట్టి, తలా 2,000 రూపాయల దాకా పెట్టుబడి చేతికిచ్చింది. జట్లుగా కూడి వ్యాపారం చేయమంది. సర్కారు బడి పిల్లలకి, గమనించండి. మన దగ్గర అంతా తిరగబడి ఉంది. బిజినెస్ డేలు జరిగేది లక్షల ఫీజులు కట్టించుకునే స్కూళ్లలో. ఆ పిల్లల్లో సగం మందికి ఇంట్లోనే నాన్న వ్యాపారం ఉంటుంది, మామయ్య కాంట్రాక్టరు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే అవకాశం ఎన్నడూ దొరకని కూలివాళ్ల పిల్లలు, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్ల పిల్లలు చదివే బళ్లలో మాత్రం ఇలాంటి వాటి ఊసే ఉండదు.

మన జిల్లాకి ఇది కొత్త కూడా కాదు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, ఆ సెగ రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు మన జిల్లాలో పుట్టుకొచ్చాయి. అప్పటిదాకా బ్యాంకు గడప తొక్కని వాళ్లు మీటింగు పెట్టడం, తీర్మానం రాయించడం, కంతు కట్టని మనిషిని నలుగురిలో నిలదీయడం, మేనేజరు ఎదురుగా కూర్చుని లోను అడగడం నేర్చుకున్నారు. టై కట్టుకున్న ట్రైనర్ ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆ రూపాయి వాళ్లది, అందుకే వచ్చింది ఆ పట్టుదల.

నేను స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు చూస్తాను. ఉద్యోగం కోసం డిగ్రీ కుర్రాళ్లు, బీటెక్ కుర్రాళ్లు వస్తుంటారు. కంప్యూటర్ బాగానే వచ్చు. ఫలానా పార్టీకి ఫోన్ చేసి పాత బాకీ సంగతి కనుక్కోవయ్యా అంటే మాత్రం చెమటలు పడతాయి. 'వాట్సాప్ పెట్టనా అన్నా?' అంటాడు. బాకీ ఉన్నోడు వాట్సాప్ చూస్తాడా అబ్బయ్యా!

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా అక్క కూతురు, దాని స్నేహితులు కలిసి కాలనీ పార్కు దగ్గర నిమ్మకాయ షర్బత్ పెడతామన్నారు. డబ్బు నేనే ఇచ్చాను, అప్పుగా. తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకుని మరీ ఇచ్చాను. పొదలకూరు నిమ్మకాయలు మనకి పక్కనే కదా, చవగ్గా వస్తాయనుకున్నారు పాపం. వేసవిలో నిమ్మ ధర ఎక్కడుంటుందో, అదే నిమ్మ వానాకాలంలో కోత కూలి కూడా గిట్టక ఎట్లా చెట్టు మీదే ఉండిపోతుందో వాళ్లకేం తెలుసు. గ్లాసు రేటు ముందే అట్టముక్క మీద రాసేశారు, కాయల ధర తర్వాత కనుక్కున్నారు. మొదటి సాయంత్రాలు నష్టమే. రేటు పెంచాలని ఒకడు, గ్లాసు చిన్నది చేయాలని ఇంకొకతి, కొట్టుకున్నంత పని అయింది. చివరికి మజ్జిగ కూడా పెట్టి గట్టెక్కారు.

అసలు గొడవ అరువు దగ్గర వచ్చింది. వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దమనిషి రోజూ తాగి 'రేపిస్తాలే పాపా' అని వెళ్లిపోయేవాడు. మా పిల్ల నోట్‌బుక్కులో 'నీలం చొక్కా తాత' అని రాసి, పక్కన గ్లాసుకో గీత చొప్పున గీసుకుంటూ పోయింది. ఒక రోజు ఆ నోట్‌బుక్ పట్టుకుని ఆయన కూర్చున్న బెంచీ దగ్గరికే వెళ్లి 'తాతయ్యా, మీవి ఇన్ని గ్లాసులు' అని చూపించింది. ఆయన నవ్వుతూనే ఇచ్చాడు. మా కొట్టుకొచ్చే బీటెక్ కుర్రాళ్లకి రానిది ఇదే. ఇంకోటి, అందరికంటే పెద్ద గొంతున్నోడే లీడరని మొదట్లో వాళ్లలో వాళ్లే ఒప్పుకున్నారు. రానురాను వాడు సగం రోజులు ఎగ్గొట్టి వాటా మాత్రం సమానంగా అడిగేసరికి, ఏ రోజు ఎవరు వచ్చారో రాసుకునే రూలు పెట్టారు. ఆ లెక్కన నోరు విప్పకుండా గ్లాసులు కడిగిన పిల్లోడికి ఎక్కువ వచ్చింది.

పదో తరగతి ఏడాది ముందు ఇదంతా ఏంటని అమ్మానాన్నల టెన్షన్ నాకు తెలుసు. కార్పొరేట్ చదువుల ఊళ్లో బతుకుతూ తెలియకుండా ఎట్లా ఉంటుంది. చదువు మానేయమని ఎవరన్నారు? సెలవుల్లో, సాయంత్రాల్లో చేయించండి. స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండక్కి లక్షల జనం వస్తారు కదా, అక్కడ మున్సిపల్ స్కూలు పిల్లలకి నాలుగు బల్లల చోటు ఇవ్వమనండి. పెట్టుబడి మా పేట వ్యాపారస్తులు ఇస్తారు, అప్పుగానే. ఒక టీచరు దగ్గరుంటే చాలు. తల్లిదండ్రులు మాత్రం బల్ల అవతలి పక్కనే నిలబడాలి, డబ్బా మీద చెయ్యి వేయకూడదు.

'దీనివల్ల మార్కులేమన్నా పెరుగుతాయంట్రా?' అని మా అక్క అడిగింది. పెరగవక్కా. నా అప్పు మాత్రం పైసలతో సహా తీర్చారు. వడ్డీ ఏదని సరదాకి అడిగితే, 'కాగితంలో వడ్డీ అని రాయలేదు కదా మామా' అని నీ కూతురు నా సంతకమే నాకు చూపించింది.