రాయి కిడ్నీలో, కారణం మెడలో

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ల్యాబ్ ముందు చూసినా రిపోర్టు చేతపట్టుకుని నిలబడ్డ మనుషులే. ముందు షుగర్ చూసుకుంటారు, తర్వాత కొలెస్ట్రాల్. క్యాల్షియం ఎదురుగా 11.2 అని ఉన్నా ఎవరికీ టెన్షన్ పుట్టదు. ‘ఎముకలకి మంచిదేగా’ అనుకుని కాగితం మడిచేస్తారు.

రక్తంలో క్యాల్షియం డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. దాటిందంటే చాలాసార్లు అది ఎముకల్లోంచి ఊడి వస్తున్న సరుకే. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగుంటాయి. థైరాయిడ్‌తో ఇరుగుపొరుగే తప్ప చుట్టరికం లేదు. రక్తంలో క్యాల్షియం తగ్గితే ఇవి పీటీహెచ్ అనే హార్మోన్ వదిలి ఎముకల నుంచి దాన్ని తెప్పిస్తాయి. వీటిలో ఒకదానికి గడ్డ వస్తే (దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాని గడ్డే) అవసరం లేకపోయినా హార్మోన్ వదులుతూనే ఉంటుంది. ఎముక గుల్లవుతుంది, మిగులు క్యాల్షియం మూత్రంలోకి దిగి రాయి కడుతుంది.

మన దగ్గర రాయి అనగానే ఎండ, నీళ్లు, టమాటా. తర్వాత కొండపిండి ఆకు, ఉలవకట్టు. ఎండ మాట చాలామంది విషయంలో నిజమే, బెజవాడ వేసవి తెలిసినవాళ్లు కాదనలేరు. కానీ రెండోసారి, మూడోసారి రాయి తీయించుకున్న మనిషికి కూడా క్యాల్షియం పరీక్ష రాయకపోవడం నాకు మింగుడుపడదు. అదేమీ ఖరీదైన పరీక్ష కాదు. ఇంట్లోవాళ్లేమో పాలు, మజ్జిగ మాన్పిస్తారు. దానివల్ల గడ్డ కరగదు, పైగా హార్మోన్ ఇంకాస్త పెరగొచ్చు.

అసలు చిక్కు పీటీహెచ్ రిపోర్టు చదవడంలో ఉంది. క్యాల్షియం ఎక్కువైతే ఆ హార్మోన్ బాగా తగ్గిపోవాలి. తగ్గకుండా ‘నార్మల్’ గీతల మధ్యే ఉందంటే అది నార్మల్ కాదు. ఆ ఒక్క మాట చూసి ఊరుకుని, ఏళ్ల తరబడి నీరసానికి, మలబద్ధకానికి, ఒళ్లునొప్పులకి వేరువేరు మందులు మింగేవాళ్లున్నారు. పీటీహెచ్ నిజంగానే తగ్గి ఉంటే వెతకాల్సింది వేరేచోట: కొన్ని క్యాన్సర్లు, లేదా మోతాదు మించిన విటమిన్ డి. వారానికొకటి చొప్పున కొన్ని వారాలకని రాసిన 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లని మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి వాడేవాళ్లు మన ఇళ్లలోనే కనపడతారు. కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా క్యాల్షియం పెంచుతాయి.

కొందరు నేరుగా మెడ స్కాన్‌కి పరుగెత్తుతారు. జబ్బు ఉందని తేల్చేది రక్తపరీక్షే. స్కాన్ పని ఆపరేషన్‌కి ముందు గడ్డ ఏ పక్కనుందో చూపించడం. నూటికి ఎనభై మందిలో పాడయ్యేది ఒక్క గ్రంథే కాబట్టి, దాన్ని తీసేస్తే చాలు. ఆపరేషన్ తర్వాత వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిర్లు రావొచ్చు. ఇన్నాళ్లూ పోగొట్టుకున్నదాన్ని ఎముకలు ఒక్కసారిగా లాగేసుకుంటాయి మరి. నిన్నటిదాకా ఆపేయమన్న క్యాల్షియం బిళ్లలే అప్పుడు డాక్టర్ రాసిస్తారు.