వాయిదాకు పట్టిన మంచిరోజులు

చేయవలసిన పనులను ఫోనులో రాసిపెట్టుకునే టు-డూ యాప్‌ల మీద ఈ మధ్య గుంటూరు ఆఫీసుల్లో ఒక అపవాదు వినబడుతోంది. వాటిని దింపుకున్న తరువాత కూడా పనులు మునుపటిలాగే ఆలస్యమవుతున్నాయనీ, కాబట్టి వాటి వల్ల ఏ ప్రయోజనమూ లేదనీ కొందరు పెద్దలు తీర్మానిస్తున్నారు. ఇది చాలా అన్యాయమైన మాట. పని పూర్తి చేయించడమే యాప్ ధర్మమని వారికి ఎవరు చెప్పారో తెలియదు గాని, జాగ్రత్తగా గమనించినవారికి దాని అసలు సేవ వేరే ఉందని అర్థమవుతుంది. ఇంతకాలం మన ఆఫీసుల్లో ఎవరికి తోచినట్టు వారు, ఒక పద్ధతీ పద్దూ లేకుండా సాగిస్తూ వచ్చిన వాయిదా అనే కార్యక్రమానికి అది ఒక క్రమాన్నీ, తేదీనీ, రంగునూ, చివరికి ఒక చిన్న గంట మోతనూ ప్రసాదించింది. ఇంత ఉపకారం చేసినదాన్ని పట్టుకుని పని జరగలేదని నిందించడం కృతజ్ఞత ఉన్నవారు చేసే పని కాదు.

ఉదాహరణకు బ్రాడీపేటలో ఒక ఆడిటరు గారి ఆఫీసును తీసుకుందాం. అది ఏ ఆఫీసు అని అడగవద్దు; నాలుగో లైనులో ఏ అడ్డరోడ్డు మలుపు తిరిగినా అలాంటిది ఒకటి కనబడుతుంది. లోపల బీరువాల మీద దుమ్ము పట్టిన ఫైళ్లు, గోడకు పురుగుమందుల కొట్టువారు ఇచ్చిన క్యాలెండరు, దాని కింద సీనియర్ గుమస్తా గారు, ఆయనకు ఎదురుగా సీఏ చదువులో భాగంగా ఆర్టికల్స్ అనే శిక్షణ చేస్తున్న ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఉంటారు. యాప్ రాకముందు ఈ ఆఫీసు పనుల జాబితా సగం గుమస్తా గారి తలలోనూ, మిగిలిన సగం ఆ క్యాలెండరు గళ్లలోనూ ఉండేది. 7వ తేదీ గడిలో టీడీఎస్ అనీ, 11వ తేదీ గడిలో జీఎస్టీఆర్-1 అనీ, 20వ తేదీ గడిలో జీఎస్టీఆర్-3బీ అనీ ఎర్ర సిరాతో రాసి ఉండేది. ఇవన్నీ ఆయా తేదీలకల్లా ప్రభుత్వానికి కట్టవలసిన పన్నుల, పంపవలసిన పన్ను లెక్కల పేర్లు. ఈ ఏర్పాటులో ఒక పెద్ద లోపం ఉంది. ఒక పనిని వాయిదా వేయాలంటే అందరూ చూస్తుండగా కుర్చీ ఎక్కి, పాత గడిలో గీత కొట్టి, కొత్త గడిలో రాయాలి. ఎంత అలవాటు పడిన మనిషైనా నెలకు ఎన్నిసార్లు ఎక్కగలడు?

యాప్ ఆ కుర్చీని తొలగించింది. నిజానికి దానిలో ఉన్నది చాలా తక్కువ. ఒక వాక్యం రాసుకోవడానికి చోటు ఉంటుంది, దాని ముందు ఒక చిన్న సున్నా ఉంటుంది, ఆ సున్నా మీద వేలు పెడితే టిక్కు పడి వాక్యం మీద గీత వస్తుంది. ఆడిటరు గారు ఒక సోమవారం ఉదయం అందరినీ పిలిచి ఇకమీదట పనులన్నీ ఇందులోనే ఉండాలని ఆజ్ఞాపించారు. అందరూ సాయంత్రం దాకా కూర్చుని తమ తమ పనులను ఎంతో శ్రద్ధగా ఎక్కించారు. ఆ రోజు ఆఫీసులో వేరే పనేదీ జరగలేదు గాని, ఇంటికి వెళ్లేటప్పుడు అందరి ముఖాల్లోనూ ఏటా మార్చి 31 దాటిన మర్నాడు కనిపించే తృప్తే కనిపించింది.

దీనికి శాస్త్ర సమ్మతి కూడా ఉంది. బెర్లిన్‌లో పరిశోధన చేసిన బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆగిపోయిన పనులే మనిషికి ఎక్కువగా గుర్తుంటాయని 1927లో ప్రకటించారు. తరువాత ప్రయోగాలు చేసినవారందరికీ అదే ఫలితం రాలేదు. అయినా రాత్రి భోజనం దగ్గర ఎవరిదో పన్ను రిటర్ను గుర్తొచ్చి ముద్ద దిగని గుమస్తాలను చూసినవారికి ఆ సిద్ధాంతం మీద అనుమానం కలగదు. ఆ బాధకు విరుగుడును 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు చూపించారు. మిగిలిపోయిన పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో ఖచ్చితంగా ఒక ప్రణాళిక వేసుకుంటే చాలు, పని ఇంకా కాకపోయినా మనసు దాని వెంట పడడం మానేస్తుందని వారి ప్రయోగాల్లో తేలింది. అలా తేలికపడిన మనసు చేతిలో ఉన్న మరో పని మీద నిలుస్తుందన్నది అందులో రెండో భాగం. మన ఆఫీసు మొదటి భాగాన్ని సంపూర్ణంగా అమలు చేసి, రెండో భాగాన్ని జాబితాలో ఎక్కించింది. ఇప్పుడు గుమస్తా గారికి రాత్రిళ్లు ముద్ద చక్కగా దిగుతోంది. ఎవరి రిటర్నూ గుర్తు రావడం లేదు.

ఇక తేదీల సంగతికి వద్దాం, ఎందుకంటే ఈ యాప్ మహిమ అంతా తేదీలోనే ఉంది. ఏ పనికైనా గడువు పెట్టబోతే అది మర్యాదగా ఈరోజు, రేపు, వచ్చే వారం అని మూడు దారులు చూపిస్తుంది. అందులో మొదటిదాన్ని ఎవరూ తొక్కరు. కొత్తపేట కిరాణా కొట్లలో "నేడు నగదు, రేపు అరువు" అని రాసిన బోర్డును నమ్మి మర్నాడు సంచి పట్టుకుని వెళ్లినవాడికి ఏమి దొరుకుతుందో, యాప్‌లోని రేపును నమ్మిన క్లయింటుకు కూడా అదే దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ వారి టు డూ యాప్‌లో అయితే "మై డే" అనే పేజీ ఒకటి ఉంది. ఆనాటికి చేయదలచుకున్న పనులను పొద్దున్నే అందులో చేర్చుకోవాలి. అర్ధరాత్రి కాగానే ఆ పేజీ దానంతట అదే ఖాళీ అయిపోతుంది. మిగిలిన పనులు వాటి అసలు జాబితాల్లో భద్రంగానే ఉంటాయి, మర్నాడు సూచనల కింద వెళ్లి వెతుక్కుంటే కనబడతాయి, వెతుక్కోకపోతే నిష్ఠూరమాడవు. పుష్కరాలకు పన్నెండేళ్లు ఆగవలసిన కృష్ణా తీరంలో ప్రతి రాత్రీ పాపప్రక్షాళన జరిగే ఏర్పాటు ఇంతకుముందు ఎన్నడూ లేదు.

గడువు దాటిన పని ఎర్ర అక్షరాల్లోకి మారుతుందని, దానితో మనిషికి భయం కలుగుతుందని యాప్ రాసినవారు ఆశించారు. వారికి గుంటూరు తెలియదు. కల్లాల నిండా ఎరుపు ఆరబోసుకునే జిల్లాలో ఆ రంగును చూసి ఎవరు జడుస్తారు? పైగా ఆ ఎరుపుకు రుసుము లేదు. జీఎస్టీఆర్-3బీ ఆలస్యమైతే, పన్ను కట్టవలసి ఉన్న వ్యాపారికి రోజుకు 50 రూపాయలు, ఏమీ లేనివారికి 20 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. కట్టవలసిన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ వేరే ఉంది. అందువల్ల 3బీ ఏ జాబితాలో ఉన్నా లేకపోయినా 20వ తేదీ రాత్రికి వెళ్లిపోతుంది. దాని పక్కనే "పాత ఫైళ్లు సర్దడం" అనే పని వేసవి నుంచి వేసవికి అదే ఎరుపుతో, అదే ఆరోగ్యంతో వర్ధిల్లుతోంది.

గడువును జరపడం చిన్న ఆఫీసుల దుర్లక్షణమని అనుకునేవారు 2025ను గుర్తు చేసుకోవాలి. ఆడిట్ అవసరం లేనివారు ఆదాయపు పన్ను రిటర్నులు వేయడానికి జులై 31 దాకా ఉండే గడువును ఆ ఏడాది సెప్టెంబరు 15కు జరిపారు. ఆ 15వ తేదీ రాత్రి మరొక్క రోజు పెంచి 16 అన్నారు. జూన్ నుంచీ రాత్రనక పగలనక కూర్చుని జులైలోనే అన్నీ ముగించిన కుర్రవాడి వంక ఆ నెలన్నరా ఆఫీసంతా జాలిగా చూసింది. కేంద్ర ప్రభుత్వమే రేపు అన్న దారిని తొక్కిన తరువాత ఆర్టికల్స్ చేసే పిల్లవాణ్ని అడ్డుకునే నైతిక హక్కు ఎవరికి ఉంటుంది?

అయితే యాప్‌లో లోపాలు లేవని చెప్పడం పక్షపాతం అవుతుంది. దానికి పంచాంగం రాదు. కొన్ని యాప్‌లు గుర్తు చేసే సమయంగా మర్నాటి ఉదయం 9 గంటలను వాటంతట అవే సూచిస్తాయి. ఆ మర్నాడు శనివారమైతే సరిగ్గా 9 నుంచి పదిన్నర దాకా రాహుకాలం. కొత్త భాగస్వామ్య పత్రం రాయించుకోబోతున్న మిర్చి వ్యాపారికి ఆ సమయాన ఫోను చేసి సంతకాలకు రమ్మన్న కుర్రవాడు ఏమేమి విన్నాడో ఇక్కడ రాయడానికి వీలులేదు.

మరొక సదుపాయాన్ని మాత్రం ఎంత పొగిడినా తక్కువే. అందరూ కలిసి వాడుకునే జాబితాలో ఏ పనినైనా మరొకరి పేరున అప్పగించవచ్చు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒక పెద్దమనిషికి పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చిందనుకుందాం. ఆడిటరు గారు "నోటీసు సంగతి గుమస్తా గారికి చెప్పడం" అని రాసుకుని, చెప్పి, టిక్కు పెట్టారు. గుమస్తా గారు "నోటీసు పెద్ద కుర్రాడికి ఇవ్వడం" అని రాసుకుని, ఇచ్చి, టిక్కు పెట్టారు. పెద్ద కుర్రాడు "నోటీసు చూడాలి" అని రాసుకుని, కవరు తెరిచి, చూసి, మళ్లీ కవరులో పెట్టి, ఏ మాత్రం అబద్ధం ఆడకుండా టిక్కు పెట్టాడు. చిన్న కుర్రాడి వంతుకు "సార్‌ను అడగాలి" అన్నది మిగిలింది. సార్ విజయవాడలో ఉన్నారని తెలుసుకుని, ఫోను చేసి, ఆయన ఎత్తలేదు గనక తన బాధ్యత తీరిందని అతనూ పెట్టాడు. నోటీసు ఉన్నచోటే ఉంది. ఆ సాయంత్రం జాబితా తెరిచి చూసిన ఆడిటరు గారికి ఒకే విషయం మీద నాలుగు టిక్కులు కనిపించి, తన ఆఫీసు ఎంత చురుగ్గా ఉందో అని కడుపు నిండిపోయింది. పాత క్యాలెండరు గడిలో ఇంత పని పట్టేదా?

ఇంత సుఖం ఇస్తున్న జాబితాను కూడా సరళంగా ఉండనివ్వని జిజ్ఞాసువులు కొందరు ఉంటారు. రంగురంగుల లేబుళ్లు, ఉప పనులు, నక్షత్రాలు, వర్గాలు చేర్చి, ఒక్క పనికి కుటుంబ వృక్షం గీసి, ఆ అలంకరణకే మధ్యాహ్నం దాకా వెచ్చిస్తారు. ఐవీ లీ అనే సలహాదారు 1918 ప్రాంతంలో ఒక అమెరికా ఉక్కు కంపెనీ అధిపతికి, మర్నాడు చేయవలసిన ఆరు పనులను ముందురోజు సాయంత్రమే ప్రాముఖ్యం ప్రకారం కాగితం మీద రాసుకుని, మొదటిది అయ్యేదాకా రెండోదాని జోలికి పోవద్దని చెప్పి, దానికి 25,000 డాలర్లు పుచ్చుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఈ కథను గుమస్తా గారికి వినిపిస్తే ఆయన క్షణం ఆలోచించి, "ఆరే పనులు ఉన్నవాడికి ఆడిటరు ఎందుకండీ?" అన్నారు. టోడోయిస్ట్ అనే యాప్ ఇంకొక అడుగు ముందుకు వేసి, పూర్తి చేసిన పనులకు కర్మ పేరుతో పాయింట్లు ఇస్తుంది, పనులు మరీ మురగబెడితే తగ్గిస్తుంది. ఆ పాయింట్లతో ఎక్కే మెట్లలో అన్నిటికంటే పైదానికి జ్ఞానోదయమని పేరు. అమరావతి స్తూపానికి ఇంత దగ్గరలో ఉండి కూడా ఇంత సులువైన మార్గం మనకు ముందే తట్టకపోవడం విచారకరం.

ఇక్కడ ఒక్క గంభీరమైన అభ్యంతరానికి జవాబు చెప్పుకోవాలి. జాబితాలో ఏ పని ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నకు కొన్ని యాప్‌లు ఒకనాటి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు చెప్పి, పనులను తొందరను బట్టీ ప్రాముఖ్యాన్ని బట్టీ విడదీసే నాలుగు గళ్లు చూపిస్తాయి. తొందర సమస్యలూ ముఖ్యమైన సమస్యలూ వేర్వేరనే మాటను ఆయన 1954లో ఒక ప్రసంగంలో మరొకరి మాటగా చెప్పారు. గళ్లు తరువాతివారు గీశారు. ఆ గళ్లలో బ్రాడీపేట ఆఫీసు పనులను సర్దడానికి కుర్రాళ్లు నిజాయితీగానే ప్రయత్నించారు. కుదరలేదు. ఎందుకంటే ఇక్కడ ఒక పని వరసలో ఎక్కడ నిలబడుతుందో తేల్చేది దాని తొందరా కాదు, ప్రాముఖ్యమూ కాదు. దాన్ని ఎవరు అడుగుతున్నారు, ఎక్కడ కూర్చుని అడుగుతున్నారు అన్నవే. ఫోనులో అడిగినవారికి రేపు. వాట్సాప్‌లో అడిగినవారికి నమస్కారం గుర్తు. తమ్ముణ్ని పంపినవారికి సోమవారం. స్వయంగా వచ్చి గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నవారి లెక్క వేరు.

నోటీసు వచ్చిన యార్డు పెద్దమనిషి చివరికి అదే చేశారు. పదకొండు గంటలకు వచ్చి, కండువా దులుపుకుని, బల్ల మీద బాసింపట్టు వేసుకుని, "అబ్బాయ్, నాకేం తొందర లేదు, మీ పని మీరు చూసుకోండి" అన్నారు. ఆ మాటతో ఆఫీసంతా లేచి నిలబడింది. ఆయన్ను వేలితో పక్కకు జరిపి వచ్చే వారానికి పంపడానికి వీల్లేదు. మరొకరి పేరున అప్పగించడానికీ వీల్లేదు. అర్ధరాత్రి దాకా ఆగినా ఆయన ఖాళీ అయ్యే మనిషి కారు. అరగంటకోసారి యార్డులో తేజా రకం మిర్చి ధర ఎంత పలికిందో బిగ్గరగా ఫోనులో కనుక్కుంటూ, మధ్యలో గుమస్తా గారి పిల్లల చదువుల గురించి ఎంతో ఆప్యాయంగా వాకబు చేశారు. చిన్న కుర్రాడు టీ తెచ్చాడు. పెద్ద కుర్రాడు కవరు తెరిచి ఈసారి నోటీసు చదివాడు. విజయవాడలో ఉన్న సార్ రెండో మోతకే ఫోను ఎత్తారు. మూడో టీ గ్లాసు ఖాళీ కాకముందే జవాబు పోర్టల్‌లో ఎక్కి, దాని రసీదు ప్రింటు ఆయన చేతికి వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి దాన్ని ఆసాంతం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, గుమస్తా గారి వైపు తిరిగి, "మా బావమరిది ఫైలు కూడా మీ దగ్గరే ఉందటగా, రేపు వాణ్ని తీసుకొస్తాను" అన్నారు.