బీలను బీడన్నవారికి

ఏ ఊళ్లోనైనా ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కారంటే చాలు, మర్నాటికల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఇదే: "పనికిరాని బీడు భూముల్లో ప్రాజెక్టు కడుతుంటే బయటివాళ్లు విదేశీ డబ్బుతో వచ్చి, ఏమీ తెలియని పల్లె జనాన్ని రెచ్చగొడుతున్నారు. అన్ని అనుమతులూ వచ్చిన పనిని ఆపుతున్నారు. కరెంటూ పోయె, ఉద్యోగాలూ పోయె. అభ్యంతరం ఉంటే కోర్టుకు వెళ్లాలి గానీ వీధికెక్కడం ఏమిటి?" ఈ మాటలకు ఉదాహరణగా, బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దని జనం పోరాడిన సోంపేట పేరు చెబుతుంటారు. నేను శ్రీకాకుళం జిల్లావాణ్ని. సోంపేటలో జరిగింది తెలిసినవాణ్ని కాబట్టి ఒక్కొక్క మాటకూ జవాబు చెబుతాను.

మొదట ఆ "బీడు" సంగతి. మిగతా మాటలన్నీ దాని మీదే నిలబడ్డాయి కనుక ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను. సోంపేట దగ్గర ఊళ్లకీ సముద్రానికీ నడుమ ఉన్న పల్లపు నేలను మా వైపు బీల అంటారు. వానాకాలంలో ఎగువ నుంచి దిగిన నీరు తీరం వెంట ఉన్న ఇసుక దిబ్బల వెనక నిలిచి, మెల్లగా నేలలోకి ఇంకుతుంది. బీల విస్తీర్ణం సుమారు 4,000 ఎకరాలు. చుట్టుపక్కల బావుల్లో ఊట ఆ నీటిదే. ఎత్తిపోతల కింద పండే వరికీ అదే ఆధారం. అందులో చేపలు పట్టి బతికేవాళ్లున్నారు, పశువులను మేతకు తోలుకెళ్లేవాళ్లున్నారు, తుంగ కోసుకునేవాళ్లున్నారు. వీళ్లెవరికీ ఆ నేల మీద పట్టా లేదు. తరతరాలుగా అందరూ వాడుకునే నేల కాబట్టి ఫలానా వారిదని ఎవరూ రాయించుకోలేదు.

శిస్తు రాని నేలను బంజరుగా రాసుకోవడం తెల్లదొరల రెవెన్యూ లెక్కల్లోంచి వచ్చిన పద్ధతి. పన్ను కట్టే ఆసామి లేకపోతే ఆ నేలకు విలువ లేదని లెక్క. దొరలు పోయారు గానీ ఆ పుస్తకం మన కలెక్టరేట్లలోనే ఉండిపోయింది. ఆ లెక్క ప్రకారమే 2008లో బీలలో 970 ఎకరాలకు పైగా నేలను 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. కాగితం మీద చూస్తే ఎవరి పొలమూ పోలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. నేల మీద నిలబడి చూస్తే లెక్క వేరు. నీరు నిలిచే పల్లాన్ని మట్టి పోసి మెరక చేస్తే, ఆ నీరు వానాకాలంలో పక్క చేల మీదికీ ఊళ్ల మీదికీ వస్తుంది. వేసవిలో బావులకు అందవలసిన ఊట అందదు. పోయేది 970 ఎకరాలతో ఆగదు. ఈ సంగతి అక్కడ పశువులు కాసే కుర్రాడికి కూడా తెలుసు.

అందుకే "ఏమీ తెలియని పల్లె జనం" అన్న మాట నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఏ నెలలో నీరు ఎంత లోతున ఉంటుందో, ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు పోతుందో, ఏ చేప ఎప్పుడు ఎక్కుతుందో తెలిసినవాళ్లు వాళ్లే. సోంపేటలో నేల గురించి తెలియనిది ఫైలు రాసినవాళ్లకు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఇలాంటి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేసింది. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. సభ మొత్తం వీడియో తీయాలి. కానీ ప్రభావ నివేదిక సారాంశం మాత్రమే స్థానిక భాషలో ఇస్తారు. అసలు నివేదిక వందల పేజీల ఇంగ్లీషు. ఒక మత్స్యకారుడు, ఒక కౌలురైతు ఒంటరిగా దాన్ని చదివి, తప్పులు పట్టి, సభలో మైకు ముందు నిలబడి చెప్పగలరా? పదిమంది కలిస్తే చెప్పగలరు. ఒకరు చదువుతారు, ఒకరు తెలుగులో వివరిస్తారు, ఒకరు నేల చూపిస్తారు. సంఘం కట్టడం అంటే ఇదే. రెచ్చగొట్టడం అని మీరు పిలుస్తున్నది చాలావరకు ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చదివి వినిపించడమే.

ఇక "బయటివాళ్లు, విదేశీ డబ్బు". సోంపేట పోరాటానికి ముందు నిలిచినవారిలో డాక్టర్ వై. కృష్ణమూర్తి ఒకరు, అక్కడే వైద్యం చేసే మనిషి. పోరాటం నడిపిన పర్యావరణ పరిరక్షణ సంఘం ఆ ఊళ్లవాళ్లు కట్టుకున్నది. బయటి నుంచి తోడు నిలిచినవారిలో అందరికీ తెలిసిన పేరు ఈ.ఏ.ఎస్. శర్మ గారిది. ఆయన కేంద్ర ప్రభుత్వంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఐఏఎస్ అధికారి. కరెంటు అవసరం ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అలాంటి మనిషి ఈ చోటు ఇందుకు తగదని చెబితే వినాలి. అయినా బయటివాళ్లు రావడమే తప్పయితే, కంపెనీ మాత్రం బీలలో పుట్టిందా?

"అన్ని అనుమతులూ వచ్చాయి" అంటారు. నిజమే, 2009 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చింది. కానీ అనుమతి మీద అప్పీలు చేసుకునే హక్కు కూడా చట్టం ఇచ్చిందే. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇంకా మొదలుకాని కాలమది. అప్పీళ్లు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ వినేది. సోంపేటవాళ్లు అక్కడికి వెళ్లారు. 2010 జూలైలో ఆ అథారిటీ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న సంగతిని అనుమతి ఇచ్చేటప్పుడు సరిగా చూడలేదని తేలింది. అంటే పల్లె జనం మొదటి రోజు నుంచీ మొత్తుకున్న మాటే చివరికి ఉత్తర్వులోకి ఎక్కింది. అనుమతి పత్రం సరైనదే అనుకుంటూ ఇప్పటికీ సందేశాలు పంపుతున్నవారు దయచేసి ఆ ఉత్తర్వు సంగతి కూడా కలిపి పంపండి.

"కోర్టుకు వెళ్లాలి గానీ వీధికెక్కడం ఏమిటి" అన్న మాట వినడానికి పద్ధతిగా ఉంటుంది. సోంపేటవాళ్లు రెండూ చేశారని ఇప్పుడే చెప్పాను. కోర్టు ఒక్కటే దిక్కయితే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు వెళ్లాలి. ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, అక్కడి నుంచి మంజీరలోకి పోయేవి. చెరువులు పాడయ్యాయి, బావులు పాడయ్యాయి. డాక్టర్ కిషన్‌రావు లాంటివారు 1980ల నుంచే జనాన్ని కూడగట్టారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. అది 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు మారింది. తీర్పు 2017 అక్టోబరులో వచ్చింది. 27 ఏళ్లు! ఈ మధ్యలోనే, 2007లో, స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే కేంద్రమది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు దొరికింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. శుద్ధి అయ్యాక వదిలిన నీరది. న్యాయస్థానాలను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఫ్యాక్టరీ నిలబడి, నీరు చెడిపోయాక తీర్పు వచ్చినా చెరువు తిరిగి రాదు. అందుకే పునాది పడకముందే అడగాలి. అడిగే గొంతు వినబడాలంటే జనం ఒక్కచోట కూర్చోవాలి. సోంపేటలో రిలే నిరాహార దీక్షలు 2009 డిసెంబరులో మొదలై ఐదేళ్లకు పైగా సాగాయి. రోజుకో గుంపు వచ్చి శిబిరంలో కూర్చునేది. పొలం పని మానుకుని, వేట మానుకుని, ఇంత కాలం పాటు ఎవరో రెచ్చగొడితే కూర్చుంటారా?

కరెంటు, ఉద్యోగాలు. ఈ విషయంలో ఎదుటివారి ఆందోళన అబద్ధమని నేను అనను. 2010 ప్రాంతంలో కోతలు నిజం, పవర్ హాలిడేలు నిజం. మా జిల్లా వలసల జిల్లా, మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి పరాయి పడవల మీద పనిచేస్తారు. ఉద్యోగం అన్న మాట వినగానే మా ఇళ్లలో ఎంత ఆశ పుడుతుందో నాకు తెలుసు. కానీ లెక్క చూడండి. బొగ్గు ప్లాంటులో కట్టేటప్పుడు కూలి పని దొరుకుతుంది. కట్టాక కావలసింది ఎక్కువగా చదువుకున్న సాంకేతిక సిబ్బంది. చేపలు పట్టేవాడికి, పశువులు కాసేవాడికి అక్కడ చోటు ఎక్కడ? ఉన్న జీవనాధారం ముందే పోతుంది, కొత్తది ఇంకొకరికి దొరుకుతుంది. ఇక దేశానికి కరెంటు సంగతంటారా, ఆ రోజుల్లో వరసగా అనుమతులిచ్చిన బొగ్గు ప్లాంట్లలో ఎన్నో ఆ తర్వాత చిక్కుల్లో పడ్డాయి. 2018లో పార్లమెంటు స్థాయీ సంఘం అలా ఇబ్బందుల్లో ఉన్న 34 ప్రాజెక్టులను లెక్కగట్టింది. మొత్తం సామర్థ్యం 40 వేల మెగావాట్లకు పైనే. బొగ్గు దొరకక, కరెంటు కొనేవాళ్లు లేక, బ్యాంకు అప్పులు తీరక అవి ఇబ్బందుల్లో పడ్డాయి. వాటిని ఆ స్థితికి తెచ్చింది పల్లె జనం కాదు.

చివరిగా, సందేశంలో సూటిగా రాయకపోయినా ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒకరు అనే మాట: "హింసకు దిగారు కాబట్టే కాల్పులు జరిగాయి." 2010 జూలై 14న పోలీసు బలగాలను వెంటబెట్టుకుని బీలలో పని మొదలుపెట్టబోయారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేల మంది అడ్డంగా వచ్చి నిలబడ్డారు. లాఠీలు, ఆ తర్వాత తూటాలు. ఇద్దరు చనిపోయారు. వందల మంది మీద కేసులు పడ్డాయి. తర్వాత ఏడేళ్లు కాదు, ఏడు నెలలు తిరిగాయో లేదో, ఇదే జిల్లాలో కాకరాపల్లి తంపరలో, అంటే మరో చిత్తడి నేలలో, ఇంకో బొగ్గు విద్యుత్ కేంద్రం కోసం మళ్లీ అదే జరిగింది. 2011 ఫిబ్రవరి 28న అక్కడా ఇద్దరి ప్రాణాలు పోయాయి.

సోంపేటలో కాల్పులకూ, ఢిల్లీలో అనుమతి రద్దు కావడానికీ మధ్య గంటల తేడా. ఈ సందేశాన్ని నమ్మేవారిని నేను అడిగేది ఒక్కటే. అప్పీలు విచారణలో ఉంది. తీర్పు ఏ రోజైనా రావచ్చు. నేల ఎక్కడికీ పోదు, కంపెనీ ఎక్కడికీ పోదు. ఆ ఒక్క రోజు ఆగకుండా, బీలలోకి బలగాలను పంపమని చెప్పిందెవరు?