తల్లిదండ్రులే తొలి గురువులైతే ఈ హోంవర్క్ ఎవరిది?

మన ఊళ్లలో ‘కాన్వెంటు’ అంటే సిస్టర్లు ఉండే మఠం అన్న సంగతి ఎవరికీ తట్టదు. రేకుల షెడ్డులో నాలుగు గదులు, మెడలో టై, నడుముకు బెల్టు, ఇంగ్లిష్ మీడియం ఉంటే చాలు, అది కాన్వెంటే. వెంకటేశ్వరస్వామి పేరు మీదా కాన్వెంట్లున్నాయి, సరస్వతీదేవి పేరు మీదా ఉన్నాయి. ఆ మాటలో మనకు వినిపించేవి రెండే: క్రమశిక్షణ, బోలెడంత హోంవర్క్. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పాపను క్యాథలిక్ బడిలో చేర్పించామని ఇంటికి ఫోన్ చేసి చెప్పినప్పుడు మా అమ్మ అన్నదీ అదే: “కాన్వెంటా? అయితే బాగా రాయిస్తార్లే.”

నిజంగానే రాయిస్తున్నారు. నా పేచీ అక్కడే.

నేను చెప్పేది నాలుగు, ఐదు, ఆరు తరగతుల సంగతి. అమెరికాలో వీటిని అప్పర్ ఎలిమెంటరీ అంటారు. మన అప్పర్ ప్రైమరీ కంటే ఇది కాస్త ముందు మొదలవుతుంది. రోజంతా ఒకే టీచర్ దగ్గర కూర్చున్న పిల్లలు చాలా బళ్లలో ఈ వయసులోనే సబ్జెక్టుకో టీచర్‌కు అలవాటు పడతారు. టీచర్లు నలుగురైతే హోంవర్క్ ఇచ్చే చేతులూ నాలుగవుతాయి. ఎవరికి వాళ్లు ‘పావుగంట పనే కదా’ అనుకుంటారు. నాలుగు పావుగంటలు కలిపి చూసేది మాత్రం ఇంట్లోవాళ్లే.

ఐదో తరగతిలో ఒక గురువారం సాయంత్రం ఇలా గడిచింది. లెక్కల్లో ఒక పేజీ. శుక్రవారం స్పెల్లింగ్ పరీక్ష కాబట్టి ఇరవై మాటలు, ఒక్కోదానికి ఒక సొంత వాక్యం. ఇరవై నిమిషాలు చదివినట్టు పట్టికలో రాసి, కింద అమ్మో నాన్నో సంతకం. మతబోధ క్లాసుకు ఏడు దివ్యసంస్కారాలు, జ్ఞానస్నానం మొదలుకొని గురుపట్టం, జ్ఞానవివాహం దాకా, చూడకుండా చెప్పాలి. అన్నీ ముగిసేసరికి గంటా యాభై నిమిషాలు. మధ్యలో అన్నం చల్లారింది.

అమెరికాలో హోంవర్క్‌కు బాగా చలామణిలో ఉన్న కొలత ఒకటుంది: తరగతికి పది నిమిషాలు. నాలుగుకు 40, ఐదుకు 50, ఆరుకు గంట. టీచర్ల సంఘమూ, జాతీయ పేరెంట్–టీచర్ సంఘమూ ఒప్పుకున్న లెక్క ఇది. దీనికి ఎక్కువగా ఆధారం చూపేది డ్యూక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హారిస్ కూపర్ పరిశోధనలను. ఆయన బృందం 2006లో ప్రచురించిన సమీక్ష చెప్పేదేమిటంటే, హోంవర్క్‌కూ మార్కులకూ ఉన్న సంబంధం ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా బలంగా కనిపిస్తుంది, ఆరు లోపు చాలా పలచబడుతుంది. అంటే హోంవర్క్ వల్ల అతి తక్కువ ఫలితం వచ్చే వయసులోనే మనం దాన్ని అలవాటు పేరుతో పెంచుకుంటూ పోతున్నాం. ఇదే కాలిఫోర్నియా 1901లో 15 ఏళ్లలోపు బడిపిల్లలకు ఇంటి చదువు పెట్టకూడదని చట్టం చేసింది. అది 1917 దాకా అమల్లో ఉంది. 2024లో మళ్లీ, హోంవర్క్ విధానాలను పిల్లల ఆరోగ్యం దృష్టితో చూసుకోమని ప్రభుత్వ బళ్లను ప్రోత్సహిస్తూ మరో చట్టం వచ్చింది. క్యాథలిక్ బడి ప్రైవేటుది, దాని హోంవర్క్ సంగతి దాని హ్యాండ్‌బుక్కే తేల్చుకుంటుంది.

ఆ హ్యాండ్‌బుక్ మొదటి పేజీల్లోనే ‘తల్లిదండ్రులే పిల్లలకు తొలి గురువులు’ అన్న మాట ఉంటుంది. దాదాపు ప్రతి క్యాథలిక్ బడీ ఈ మాట రాసుకుంటుంది, ఊరికే కాదు. క్యాథలిక్ బిషప్పుల ప్రపంచ సభ అయిన రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన విద్యా ప్రకటనలో ఉన్న సూత్రం అది: పిల్లల చదువుసంధ్యల్లో మొదటి బాధ్యత, ప్రధాన బాధ్యత కన్నవాళ్లదే, బడి వాళ్లకు సాయం. అమెరికాలో క్యాథలిక్ బళ్లు బతికి బట్టకట్టిందీ ఈ వాదన మీదే. పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలని 1922లో ఒరెగాన్ రాష్ట్రం చట్టం చేస్తే, ఒక సిస్టర్ల సంఘం కోర్టుకెక్కింది. 1925లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తూ, బిడ్డ రాజ్యం చేతిలో వస్తువు కాదని తేల్చింది. పిల్లల పెంపకం మీద హక్కు అమ్మానాన్నలదని వాదించి గెలిచిన బళ్లు ఇవి.

మరి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ హక్కు ఏమైంది? తొలి గురువుకు చెప్పుకోవడానికి తన పాఠాలు తనకుంటాయి. మాకైతే తెలుగు, తాతగారితో వీడియో కాల్, వంటింట్లో చేయిసాయం. ఇటాలియన్ ఇంటికీ, ఫిలిప్పినో ఇంటికీ వాళ్లవి వాళ్లకుంటాయి. బడి ఇచ్చిన కాగితాల దగ్గర కూర్చున్నప్పుడు నేను గురువును కాను, జీతం లేని ఇన్విజిలేటర్‌ను. చదివినట్టు సంతకం పెట్టమనే ఆ పట్టిక చూస్తే నాకు మా ఊరి రేషన్ కార్డు గుర్తొస్తుంది.

ఇందులో బడినొక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. చర్చి చట్టసంహితలో 806వ నిబంధన ఉంది: క్యాథలిక్ బడిలో చదువు ఆ ప్రాంతంలోని ఇతర బళ్ల చదువుకు కనీసం సమానంగానైనా ఉండాలి. ఎక్కడో పల్లెలో ఇది తేలికే. ర్యాంకుల కోసం ఇళ్లు కొనుక్కునే ఫ్రీమాంట్‌లో, పక్క వీధి ప్రభుత్వ బడితో సమానంగా నిలబడటం చిన్న విషయం కాదు. పైగా ఇక్కడ ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వం సొమ్మిచ్చే వోచర్లు లేవు. 1993లో, 2000లో రెండుసార్లు ఆ ప్రతిపాదన పెడితే ఓటర్లు రెండుసార్లూ తిప్పికొట్టారు. ప్రభుత్వ బడికి పన్ను కట్టి, ఈ బడికి ఏటా వేల డాలర్ల ఫీజు కట్టినవాడు సాయంత్రం పిల్ల సంచి తెరిచి చూస్తాడు. ఖాళీగా కనబడితే డబ్బు దండగైందనుకుంటాడు. 1960ల మొదట్లో దేశమంతా కలిపి 50 లక్షల మందికి పైగా చదివిన ఈ బళ్లలో ఇప్పుడున్నది 17 లక్షల మంది లోపే. అప్పట్లో పాఠాలు చెప్పిన సిస్టర్లు నామమాత్రపు భత్యంతో బతికేవారు. ఇప్పుడున్నవాళ్లు దాదాపు అందరూ జీతాలు తీసుకునే మామూలు టీచర్లు. జీతాలు రావాలంటే ఫీజులు రావాలి, ఫీజులు రావాలంటే తల్లిదండ్రులు సంతోషంగా ఉండాలి. బడి ఎంత గట్టిదో ఇంటికి చెప్పే బోర్డు హోంవర్కే అయి కూర్చుంది.

ఆ బోర్డు పెద్దది కావాలని అడుగుతున్నవాళ్లలో మనమూ ముందున్నాం. ఈ బళ్లలో ఐదింట ఒకరు క్యాథలిక్కులు కానివాళ్లే. మా దగ్గర ఆ ఒకరు చాలాసార్లు తెలుగో తమిళమో గుజరాతీయో అవుతారు. సెప్టెంబరులో తల్లిదండ్రుల సమావేశం జరిగితే, “ఇంకేమైనా ఎక్స్‌ట్రా వర్క్‌షీట్లు ఉన్నాయా మేడమ్?” అని చెయ్యెత్తేది మనవాళ్లే. నేనూ ఒకసారి ఎత్తాను. బడి హోంవర్క్ అయ్యాక కుమాన్ ట్యూషన్, అది అయ్యాక స్పెల్లింగ్ బీ పోటీ జాబితా, వారాంతంలో తెలుగు నేర్పే మనబడి. మనబడి హోంవర్క్ మాత్రం కారులో, క్లాసుకు వెళ్తూ వెళ్తూ పూర్తవుతుంది. అన్నిటికన్నా ఇంటిదైన చదువుకు మిగిలేది ఆ పది నిమిషాలే.

లెక్కల దగ్గర ఇంకో తమాషా. మేత్రాసనాల (బిషప్పుల పరిధిలోని) బళ్లు చాలావరకు, ఏ తరగతిలో ఏం రావాలో చెప్పే రాష్ట్ర ప్రమాణాలనే పునాదిగా తీసుకుంటాయి. 27ను 14తో గుణించమంటే పాప ఒక పెట్టె గీసి నాలుగు గళ్లు చేస్తుంది. 20 పదులు 200, 20 నాలుగులు 80, 7 పదులు 70, 7 నాలుగులు 28. కూడితే 378. నాలుగు లైన్లలో అయ్యేదానికి ఈ ఇళ్లు కట్టడం ఎందుకని నేను ఎక్కాలు అందుకుంటాను. “నాన్నా, మా టీచర్ అలా చెప్పలేదు” అని ఏడుపు. పాప చేసిందే సరైనది. అంకెల స్థానాలు అర్థమయ్యాకే అడ్డదారి నేర్పాలన్నది ఆ పద్ధతి ఉద్దేశం. భాగహారానికి మనకు తెలిసిన పాత పద్ధతిలో పట్టు రావలసింది ఆరో తరగతిలోనని ఆ ప్రమాణాల్లోనే ఉంది. రెండేళ్లు ముందే నేర్పేసి తెలివైనవాళ్లమనుకుంటున్నాం. కొత్త పద్ధతి తెలియని ఇంటికి ఆ పద్ధతిలో లెక్కలు పంపడం మాత్రం బడి తప్పే.

మతబోధ హోంవర్క్ మీద మనవాళ్లకు గుబులు ఎక్కువ. నాకు లేదు. నాలుగులో ఎక్కువగా పది ఆజ్ఞలు, ఐదులో దివ్యసంస్కారాలు, ఆరులో పాత నిబంధన, ఇదీ సాధారణంగా నడిచే వరస. తెలిసే చేర్పించాం. కంఠతా పట్టడం మా ఇంటికి కొత్తేమీ కాదు, సుమతీ శతకం అలాగే వచ్చింది. సంచిలోంచి ముందు తీసేయాల్సినవి ఏవని అడిగితే, వాక్యాల స్పెల్లింగూ సంతకాల పట్టికా అంటాను. ఇరవై నిమిషాల చదువు ఉండాలి, సంతకం లేకుండా. నాలుగు లెక్కలు ఉండాలి, క్లాసులో చేసినవే. అన్నిటికన్నా ముందు పోవాల్సింది ప్రాజెక్టు.

కాలిఫోర్నియాలో నాలుగో తరగతి అంటే రాష్ట్ర చరిత్ర. రాష్ట్ర చరిత్ర అంటే మిషన్లు, స్థానిక తెగలను క్రైస్తవంలో కలపడానికి స్పెయిన్ ఫాదర్లు కట్టిన స్థావరాలు. 1769లో శాన్‌డియాగోలో హునీపెరో సెర్రా అనే ఫ్రాన్సిస్కన్ ఫాదర్ మొదలుపెట్టిన వరసలో మొత్తం 21 మిషన్లు వెలిశాయి. తరతరాలుగా నాలుగో తరగతి పిల్లలు చక్కెర బిళ్లలతో, ఐస్‌క్రీమ్ పుల్లలతో వాటి బొమ్మలు కడుతున్నారు. ఆ కట్టడాలు ఆ కాలాన్ని అర్థం చేసుకోవడానికి పనికిరావనీ, పైగా చాలామందిని నొప్పిస్తాయనీ 2016లో రాష్ట్ర పాఠ్య ప్రణాళికే రాసింది. సెర్రాను పోప్ ఫ్రాన్సిస్ 2015లో పునీతుడిగా ప్రకటించారు. ఆ మిషన్లలో కట్టుబానిసల్లా బతికి, రోగాలతో రాలిపోయిన స్థానిక తెగల వారసులు ఆ ప్రకటనను వ్యతిరేకించారు. క్యాథలిక్ బడికి ఇది వేరే బడికి లేనంత బరువైన పాఠం, తన సొంతింటి చరిత్ర. దాన్ని క్లాసులో కూర్చుని, టీచర్ ఎదురుగా మాట్లాడుకోవాలి. మాకు మాత్రం అది మూడు వారాల గడువుతో అట్టపెట్టెగా ఇంటికొచ్చింది. థర్మాకోల్ కోసింది నేను. ఎర్ర పెంకులు రంగేసింది వాళ్లమ్మ. పాప పేరు రాసింది. క్లాసు గోడ వారగా పెట్టిన బొమ్మల్లో పిల్లలు కట్టినవేవో నాన్నలు కట్టినవేవో గోడల నున్నదనం చూస్తేనే తెలిసిపోయింది.

మాకు వచ్చిన మిషన్ శాన్ హోసే, 1797లో వెలిసింది. అది మా ఫ్రీమాంట్‌లోనే ఉంది. అసలు చర్చి 1868 భూకంపంలో కూలిపోయింది, ఇప్పుడున్నది 1980లలో మళ్లీ కట్టింది. దానికి మైలు దూరంలో వాషింగ్టన్ బులెవార్డ్ పక్కన ఇక్కడి స్థానికులైన ఓలోని తెగవాళ్ల శ్మశానం ఉంది. ఈ మిషన్ కట్టడంలో సాయపడ్డ ఓలోనిలు నాలుగు వేలమంది ఇక్కడ నిద్రిస్తున్నారని ఒక రాయి మీద చెక్కారు. మా థర్మాకోల్ బొమ్మలో గంట ఉంది, తోట ఉంది, బావి ఉంది. శ్మశానం లేదు, ఇచ్చిన కాగితంలో అడగలేదు. బొమ్మ ఇచ్చేసిన తర్వాతి శనివారం, కుమాన్ ఎగ్గొట్టి, పాపను అక్కడికి తీసుకెళ్లాను. రాయి మీది మాటలు పైకి చదివింది. సాయపడ్డారంటే వాళ్లంతట వాళ్లే వచ్చారా, పట్టుకొచ్చారా అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. ఇది సోమవారం టీచర్‌ను అడగొచ్చా అంది. అడగమన్నాను.