రోకలికి అక్కర్లేని అనుమతి

గ్రహణం వేళే రోకలి నిలబడుతుందని ఒక నమ్మకం. అందుకే గ్రహణం వచ్చిందంటే చాలు, టీవీల్లో రోకలి నిలబడుతుంది. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు, మధ్యలో పసుపు రాసిన రోకలి, చుట్టూ దండం పెడుతున్న జనం, కింద ఎర్ర అక్షరాల్లో 'అద్భుతం' అని ఒక పట్టీ. ఆ దృశ్యం చూపించడానికి ఎవరూ ఎవరి అనుమతీ అడగరు.

అనుమతి అడగాల్సింది సైన్స్ టీచరు. కర్నూలు జిల్లాలో ఒక హైస్కూలు ఫిజికల్ సైన్స్ సారు మాతో చెప్పుకున్న సంగతి ఇది. 2025 సెప్టెంబరు 7 ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణాన్ని బడి మేడ మీంచి పిల్లలకు చూపిద్దామనుకున్నారాయన. హెడ్మాస్టరు ఎంఈఓను (మండల విద్యాధికారిని) అడగమన్నారు. ఎంఈఓ 'పైనుంచి రాతపూర్వకంగా రావాలి' అన్నారు. పైనుంచి ఏమీ రాలేదు. గ్రహణం మాత్రం టైముకు వచ్చింది. 82 నిమిషాల పాటు చంద్రుడు పూర్తిగా భూమి నీడలో ఉండి, తన దారిన తాను పోయాడు. ఆ పిల్లలు ఇంట్లో కూర్చుని రోకలిని చూశారు.

పిల్లల భద్రత చూడాలి కదా అని అధికారులు అంటారు. రాత్రిపూట ఏదైనా జరిగితే సమాధానం చెప్పాల్సింది వాళ్ళే, కాదనం. కానీ చంద్రగ్రహణం సూర్యగ్రహణం కాదు, కళ్ళకు ఏ అద్దాలూ లేకుండా ఎంతసేపైనా చూడొచ్చు. ఈ ముక్క చెప్పాల్సిన విద్యాశాఖే ఫైలు మీద కూర్చుంటే, ఇక గ్రహణం చూస్తే కళ్ళు పోతాయనే మాటను కాదనేదెవరు?

రోకలి సంగతి తేల్చడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. అడుగున ఇనప పొన్ను ఉంటుంది, చదునుగా ఉంటుంది, బరువు ఆ చదును మీదే సరిగ్గా పడితే నిలబడుతుంది. అమావాస్య నాడైనా, మంగళవారం మధ్యాహ్నమైనా నిలబడుతుంది. గరిమనాభి (వస్తువు బరువంతా పనిచేసే బిందువు) పాఠానికి ఇంతకంటే మంచి పరికరం ఏ కంపెనీ కిట్టులోనూ రాదు. అయితే ఆ పాఠం చెప్పే తీరిక టీచరుకు ఉండాలి. ఉదయం ముఖం చూపించి హాజరు, తర్వాత భోజనాల లెక్క, ఆపైన ఆన్‌లైన్‌లో మార్కులు. మరుగుదొడ్లకు ఫోటోలు తీసి యాప్‌లోకి ఎక్కించిన రోజులు ఇంకా ఎవరూ మర్చిపోలేదు. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడుకోకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్‌ను ఏ యాప్‌లో అప్‌లోడ్ చేయాలో మాకు తెలియదు.

ఫిబ్రవరి 28 వస్తే ఇదే శాఖకు సైన్స్ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. జాతీయ సైన్స్ దినోత్సవం జరపండి, ఫోటోలు పంపండి అని హడావుడి. రామన్ బొమ్మకు దండ వేయడానికి లేని అడ్డంకి, పిల్లలకు చంద్రుణ్ణి చూపడానికి ఎందుకొచ్చింది?

1868 ఆగస్టు 18న సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్సు నుంచి గుంటూరుకు వచ్చాడు. హీలియం అనే మూలకాన్ని కనుగొన్న కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. అంత దూరం నుంచి ఆయన రాగలిగాడు, మన పిల్లలు మేడ మెట్లెక్కలేకపోయారు.

సీమ పిల్లలకు పాఠాలు కాళ్ళ కిందే ఉన్నాయి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం వంగి వెతుకుతుంటారు. రైతుకు వజ్రం, రాత్రికి రాత్రే లక్షాధికారి అని వార్త. ఎక్కడో భూగర్భంలో, నూరు కిలోమీటర్లకు పైగా లోతున పుట్టిన రాయి కింబర్లైట్ అనే అగ్నిశిలతో పైకెగదన్నుకొచ్చిందని, ఆ శిల వయసు వంద కోట్ల ఏళ్ళని ఒక్క వాక్యం ఆ వార్తలో ఉండదు. బడులు తెరిచే నెలలో అమ్మానాన్నలతో చేలల్లో రాళ్ళేరుకునే పిల్లాడికి ఆ వాక్యమే ఎక్కువ అవసరం. యాగంటి గుళ్ళో రాతి నంది, బసవన్న, పెరుగుతున్నాడని ఏటా కథనాలు వేస్తారు. భక్తుల నమ్మకం వాళ్ళిష్టం. కానీ 'సైంటిస్టులే తేల్చారు' అని రాసేటప్పుడు ఎవరు కొలిచారు, ఏ ఏడాది, దేనితో అని కూడా రాయాలి. తొమ్మిదో తరగతి పిల్లలు అడగాల్సిన ప్రశ్నలివి. న్యూస్ రూములో ఎవరూ అడగలేదు. ఏ రాశివారు గ్రహణం చూడకూడదో మా పేజీల్లోనూ బాక్సు కట్టి వేశాం. ఆ పాపంలో మాకూ వాటా ఉంది.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం 1976లోనే రాజ్యాంగంలో పౌరుల ప్రాథమిక విధుల్లో చేరింది. పై నుంచి ఉత్తర్వు కావాలంటున్న అధికారులకు అంతకంటే పైనున్న ఉత్తర్వు ఎక్కడ దొరుకుతుంది? వచ్చే గ్రహణానికి ముందే డీఈఓలు (జిల్లా విద్యాధికారులు) ఒక పేజీ సర్క్యులర్ ఇవ్వాలి: తల్లిదండ్రులు ఒప్పుకుంటే చాలు, టీచరు పిల్లలకు ఆకాశం చూపించవచ్చు అని. అది కూడా రాయలేకపోతే సైన్స్ డే ఫోటోలు అడగడం మానేయండి.

ఇక ఛానళ్ళ ఎడిటర్లకు ఒక మాట. రేపు గ్రహణం లేదు. మీ స్టూడియోలో రోకలిని నిలబెట్టి లైవ్‌లో చూపించండి. అనుమతి అక్కర్లేదు.