గోదారి నీళ్లు సముద్రానికెందుకివ్వాలి?

ఏటా వానాకాలంలో పేపర్ తెరిస్తే ఒకటే వార్త. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేశారు, ఇన్ని లక్షల క్యూసెక్కులు వృథాగా సముద్రం పాలవుతున్నాయి. చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. ఇక్కడ మనం ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని కొట్టుకుంటుంటే, అక్కడ బంగాళాఖాతం అప్పనంగా తాగేస్తోంది. నీటి తీరువా కట్టదు, మీటరు లేదు, అడిగే నాథుడు లేడు.

ఈ వృథాని ఆపాలన్న విషయంలో మన పార్టీలన్నిటిదీ ఒకే మాట. అంతటి ఐకమత్యాన్ని చెడగొడుతున్నది శాస్త్రవేత్తలు. యానాం, భైరవపాలెం వైపు పడవేసుకుని వెళ్లి, ఏరూ సముద్రమూ కలిసేచోట సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు. ఉప్పెంత, ఆక్సిజన్ ఎంత, బురదెంత అని కొలుస్తారు. బ్యారేజీ దగ్గర మనం వృథా కింద రాసేసిన నీటిని వాళ్లు దిగువన ఫలానా ఫలానా పనులకు ఖర్చయిందని చూపిస్తున్నారు. ఒకే నీటికి రెండు పద్దులుంటే ఏ ఆడిటర్ ఊరుకుంటాడు?

ఒండ్రు సంగతే చూడండి. 1970లలో గోదావరి ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేదని, 2000 తర్వాత అది ఆరు కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 2010లో లెక్క తేల్చారు. మిగతాదంతా పైనున్న డ్యాముల వెనక భద్రంగా ఉంది. ఏటా తొమ్మిది కోట్ల టన్నుల మట్టి ఆదా చేసినందుకు సన్మానం చేయాల్సింది పోయి, తీరం కోసుకుపోతోందని గోల. 1965 నుంచి 2008 దాకా కృష్ణా, గోదావరి డెల్టాల్లో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయిందట. అంటే మట్టి ఇవ్వకపోతే నేల లాక్కుంటానని సముద్రం బెదిరిస్తోందన్నమాట. ఇలాంటి బెదిరింపులకు లొంగే ప్రసక్తే లేదు. కాకినాడ పక్కన ఉప్పాడలో ఏం చేస్తున్నాం? (అక్కడి కోతకు వేరే కారణాలూ ఉన్నాయి, అది వేరే గొడవ.) బీచ్ రోడ్డు పోతే రాళ్లు పోస్తాం. రాళ్లు పోతే మళ్లీ రాళ్లు పోస్తాం. ఒండ్రు ఊరికే చేసిపెట్టే పనిని టెండర్ పిలిచి చేయించినప్పుడే కదా నలుగురికి పని దొరికేది.

ఇక సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రం వాళ్లు. వరద రోజుల్లో గోదావరి ముఖద్వారం గాలిలోకి బోలెడంత కార్బన్ డయాక్సైడ్ వదులుతోందని 2011లో బయటపెట్టారు. నది ఎగువ నుంచి తెచ్చిన చెత్తాచెదారాన్ని బ్యాక్టీరియా కుళ్లబెట్టడం వల్లనట. కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి మొదటి నోటీసు గోదావరికే ఇవ్వాలి. ఫ్యాక్టరీల వంతు తర్వాత చూసుకోవచ్చు, తొందరేముంది. పై నుంచి వచ్చే నీరు తగ్గితే ముఖద్వారంలో నీళ్లు కదలక, పోషకాలు పేరుకుని, సూక్ష్మ శైవలాలు (కంటికి కనబడనంత సన్నటి నాచు) విపరీతంగా పెరుగుతాయని మరో పరిశోధన. నీళ్లు పచ్చబడితే 'పచ్చదనం పెంపు' కింద రాసుకోవచ్చని వీళ్లకు తట్టదు. అవి చచ్చి కుళ్లితే ఆక్సిజన్ అయిపోయి చేపలకు ఊపిరాడదంటారు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిప్పడం లేదూ? యూనిట్‌కి ఇంతని కరెంటు రాయితీ ఇస్తే ముఖద్వారమంతా తిప్పుకోవచ్చు.

చెరువులంటే గుర్తొచ్చింది. తీర నియంత్రణ మండలంలోని, అంటే ఒడ్డున కట్టడాలకూ తవ్వకాలకూ ఆంక్షలున్న మేరలోని, రొయ్యల చెరువుల్ని తీసేయమని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి ఆ నియంత్రణ రొయ్యల సాగుకి వర్తించదంది. మొత్తం వ్యవహారంలో ఇంత చక్కగా జరిగిన పని ఇంకోటి లేదు.

కోరింగ మడ అడవి కూడా చూసొచ్చాను. 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో చెక్క వంతెన మీద నిలబడి కిందికి చూస్తే, నల్లటి బురదలోంచి తెల్లమడ వేళ్లు పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకు వేలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బురదలో గాలాడదు కాబట్టి అవి పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయట. వేరు కిందికే పోవాలని చిన్న తరగతి పుస్తకంలోనే ఉంది. సర్కారు భూమిలో ఇంత క్రమశిక్షణారాహిత్యమా? వేళ్ల మధ్య వేలెడంత బురదచేపలు గెంతుతున్నాయి, ఒక వేరుకి ఖాళీ చిప్స్ ప్యాకెట్ తగులుకుని ఉంది. అక్కడ నిబంధనల ప్రకారం తయారైన వస్తువు అదొక్కటే.

మడలు ఉప్పెన జోరు తగ్గిస్తాయంటారు. 1839లో ఉప్పెనొచ్చి కోరింగ రేవుని తుడిచిపెట్టేసిన మాట నిజమే. కానీ అది ఎప్పటి మాట! 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల పేరుతో మడ చెట్లు కొట్టేస్తే హరిత ట్రిబ్యునల్ దాకా లాగారు. పేదవాడికి గడప ముందే సముద్రం ఉంటే ఓర్వలేరు.

పులస దగ్గర మాత్రం నాకూ కొంచెం టెన్షన్‌గానే ఉంది. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది విలసే. ఎర్రనీరు కడలిలోకి దూకితే, ఆ నీటికి ఎదురీది గోదారిలోకొచ్చాకే దానికి పులసగా ప్రమోషన్, కిలోకి వేల రూపాయల ధర. వృథా నీరు ఆపితే పులస రాదు. పులస కావాలంటే నీరు వృథా కావాలి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న జాతి దీనికి పరిష్కారం ఎప్పుడో కనిపెట్టింది: ఒడిశా నుంచి ఐసు పెట్టెలో తెప్పించుకుని, గోదారి గట్టున అమ్ముకోవడం.

అందుచేత నా విన్నపం ఒక్కటే. కొలతలు చాలు. వెంటనే ముఖద్వారం దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ పెట్టండి, ఉదయం పదకొండింటికి, షామియానా కింద. మడల్లో చేపలు పట్టుకు తినే బావురు పిల్లి రాత్రిపూట తప్ప బయటికి రాదు కాబట్టి గైర్హాజరు. వలకెళ్లిన వాళ్లు ఆ టైముకి ఏట్లో ఉంటారు. నీటికుక్కలు వస్తే రానివ్వండి, వాటి దగ్గర పట్టా ఉండదు. అభ్యంతరాలేవీ రాలేదని మినిట్స్‌లో రాసుకుని, పదకొండున్నరకల్లా భోజనాలకు లేవొచ్చు.